పెళ్లిళ్లు కుదరకపోతే ఆడపిల్ల చదువు మీద నెపం వేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మాఘం, వైశాఖం ముహూర్తాలు వచ్చాయంటే చాలు, మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఏ ఇంటి అరుగు మీద కూర్చున్నా ఒకే మాట వినిపిస్తోంది. "ఆడపిల్లలకు చదువులెక్కువై పెళ్లికి ఒప్పుకోవడం లేదు, మగపిల్లలు ముప్పై దాటినా అట్నే ఉండిపోతున్నారు" అని. ఈ మధ్య దానికి ఇంకో మాట తోడైంది. అమెరికాలో నల్లజాతి ఆడవాళ్లు చదువుకుని, ఉద్యోగాలు చేసి పెళ్లిళ్లు మానేశారనీ, అది వాళ్ల సంస్కృతిలోనే ఉందనీ, మనమూ అదే దారిన పోతున్నామనీ ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. రెండు మాటలూ లెక్కకు నిలబడవు. ఇవి విని పదో తరగతితో కూతురి చదువు ఆపించే ఇళ్లు కనిగిరి, పామూరు, ఉదయగిరి, వింజమూరు వైపు ఇంకా ఉన్నాయి. అందుకే నిడివి ఎక్కువైనా అంకెలతో సహా రాస్తున్నాం.

ముందు అమెరికా సంగతి. బానిసత్వం ఉన్న రోజుల్లో నల్లవాళ్ల పెళ్లికి చట్టం దగ్గర విలువ లేదు. భర్తను ఒకరికి, భార్యను ఇంకొకరికి అమ్మేసినా అడిగే నాథుడు లేడు. 1865లో అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయ్యాక, విడుదలైన వాళ్ల కోసం పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో అనే ప్రభుత్వ శాఖ పెళ్లిళ్లు నమోదు చేసింది. అప్పటికే ఏళ్ల తరబడి కాపురం చేస్తున్న జంటలు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి తమ పేర్లు రాయించుకున్నారు. ఆ రిజిస్టర్లు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. పెళ్లంటే గౌరవం లేని జాతి అని వాళ్లను అనేవాళ్లు ముందు ఆ రిజిస్టర్ల గురించి తెలుసుకోవాలి.

ఆ తర్వాత 1890 నుంచి 1940 దాకా ఆ దేశపు జనాభా లెక్కలు తీస్తే, నల్లజాతి ఆడవాళ్లు తెల్లవాళ్ల కన్నా చిన్న వయసులోనే పెళ్లి చేసుకుంటూ వచ్చారు. 1960లో పాతికేళ్లు దాటిన వాళ్లలో అసలు పెళ్లే కాని వాళ్లు నల్లవాళ్లలో నూటికి 9 మంది, తెల్లవాళ్లలో 8 మంది. ఇంచుమించు సమానం. 2012 వచ్చేసరికి నల్లవాళ్లలో 36, తెల్లవాళ్లలో 16 అయింది. తరతరాల సంస్కృతే కారణమైతే 1960లోనూ ఈ తేడా కనిపించాలి కదా. అప్పుడు లేనిది తర్వాత యాభై ఏళ్లలో ఎట్లా వచ్చిందో వెతకాలి.

మొదట పోయింది పని. దక్షిణాది పత్తి పొలాలు వదిలి డెట్రాయిట్, షికాగో, గేరీ లాంటి ఊళ్లకు వెళ్లిన నల్లజాతి మగవాళ్లు కార్ల ఫ్యాక్టరీల్లో, ఉక్కు మిల్లుల్లో చేరారు. పెద్ద చదువు లేకపోయినా ఒక మనిషి జీతంతో ఇల్లు గడిచేది. 1970ల నుంచి ఆ మిల్లులు మూతపడటమో, ఊరి బయటకు తరలిపోవడమో జరిగింది. విలియం జూలియస్ విల్సన్ అనే సమాజశాస్త్రవేత్త, తానూ నల్లజాతివాడే, 1987లో ఒక కొలత ముందుపెట్టాడు. ఒకే వయసున్న ప్రతి 100 మంది ఆడవాళ్లకు పనిలో ఉన్న మగవాళ్లు ఎంతమంది? ఆ సంఖ్య నల్లజాతి యువకుల్లో పడిపోతూ వచ్చిందని ఆయన చూపాడు. పని లేని మనిషికి పిల్లనివ్వడానికి మన కొండపిలో, కావలిలో ఎవరు ముందుకొస్తారు? అక్కడా అంతే.

రెండోది జైలు. 1986లో అమెరికా చేసిన మాదకద్రవ్యాల చట్టంలో, పేద నల్లజాతి పేటల్లో దొరికే క్రాక్ రకం కొకైన్ 5 గ్రాములు దొరికితే ఐదేళ్లు తప్పనిసరి శిక్ష. పొడి రకానికి అదే శిక్ష పడాలంటే 500 గ్రాములు దొరకాలి. అంటే ఒకటికి వంద. 2010లో దాన్ని ఒకటికి పద్దెనిమిది చేశారు కానీ, అప్పటికి ఒక తరం జైళ్లలో గడిచిపోయింది. 2001లో పుట్టిన నల్లజాతి మగపిల్లల్లో, అప్పటి తీరే కొనసాగితే, ముగ్గురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు జైలుకు పోతారని ఆ దేశ న్యాయశాఖ గణాంక విభాగమే అంచనా కట్టింది. తెల్లవాళ్లలో అది 17 మందిలో ఒకరు. జైలు, అకాల మరణాలు రెండూ కలిపి 2015లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఒక లెక్క వేసింది. 25 నుంచి 54 ఏళ్ల మధ్య బయట తిరుగుతున్న నల్లజాతి ఆడవాళ్లు 100 మంది ఉంటే మగవాళ్లు 83 మందే. తెల్లవాళ్లలో 99. పదిహేడు మంది మగవాళ్లు కళ్లెదుట లేకుండా పోయిన చోట ఆడవాళ్లకు పెళ్లి మీద ఇష్టం లేదని తీర్పు చెప్పడం ఏం న్యాయం?

మూడోది సర్కారు నిబంధనలు. పేద తల్లులకు ఇచ్చే భృతికి కొన్ని రాష్ట్రాల్లో ఒక షరతు ఉండేది. ఇంట్లో మగమనిషి ఉంటే, అతను పిల్లల తండ్రి కాకపోయినా, డబ్బు ఆపేస్తారు. అలబామా రాష్ట్రం పెట్టిన అలాంటి నిబంధనను 1968లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పటిదాకా పిల్లల పాలడబ్బులు కావాలంటే ఇంట్లో మగమనిషి లేడని చూపించుకోవాల్సి వచ్చింది. 1965లో మోయినిహన్ అనే అధికారి నల్లజాతి కుటుంబం మీద ఇచ్చిన నివేదిక చాలా పేరు మోసింది. ఆయన నిరుద్యోగం గురించీ గట్టిగానే రాశాడు. జనం మాత్రం "కుటుంబమే చెడిపోయింది" అన్న ముక్కను పట్టుకున్నారు. అరవై ఏళ్లయినా ఆ ముక్కే మన ఫోన్లలోకి వస్తోంది.

పని ఒక్కటే మొత్తం తేడాకు కారణమని మేం అనడం లేదు. విల్సన్ తర్వాత వచ్చిన పరిశోధకులు, ఉద్యోగాల లెక్క కొంతభాగాన్నే వివరిస్తుందని చూపారు. పెళ్లి లేకుండా కలిసి ఉండటాన్ని ఆ దేశమంతా ఒప్పుకోవడం మొదలైంది. తెల్లవాళ్లలోనూ పెళ్లికాని వాళ్లు రెట్టింపయ్యారన్నది పైన చెప్పిన అంకెల్లోనే ఉంది. అయినా ఒక ఆధారం మాత్రం పక్కన పెట్టలేనిది. అమెరికా సైన్యంలో పనిచేసే వాళ్లలో నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ పెళ్లి విషయంలో తేడా బయట ఉన్నంత లేదు, చాలా తక్కువ. జాతి అదే, పెరిగిన సంస్కృతి అదే. నెలనెలా జీతం, ఉండటానికి క్వార్టరు, ఇంటిల్లిపాదికీ వైద్యం దొరికాయి. పెళ్లిళ్లు జరిగాయి.

ఇక చదువు. అమెరికాలో ఈనాడు చదువుకున్న ఆడవాళ్లే ఎక్కువగా పెళ్లి చేసుకుంటున్నారు, చదువు లేనివాళ్లు తక్కువ. నల్లజాతి ఆడవాళ్లలోనూ అంతే, డిగ్రీ ఉన్నవాళ్లలో భర్తతో ఉన్నవాళ్ల వాటా డిగ్రీ లేనివాళ్లలో కన్నా ఎక్కువ. మరి వీడియోల్లో తిరగబడిన లెక్క ఎక్కణ్నుంచి వచ్చింది? కొలిచే వయసులో ఉంది మోసం. 24 ఏళ్ల దగ్గర కొలిస్తే చదువుకుంటున్న పిల్లకు పెళ్లి కాలేదు, చదువు ఆపిన పిల్లకు కొంత అయింది. చదువు పెళ్లికి అడ్డమన్నట్టే కనిపిస్తుంది. అదే పిల్లలను 40 ఏళ్ల దగ్గర కొలిస్తే బొమ్మ తిరగబడుతుంది. ఎవరైనా చదువు, పెళ్లి కలిపి అంకె చెబితే ఏ వయసు వాళ్ల లెక్క అని ముందు అడగండి. జవాబు రాకపోతే ఆ అంకెను అక్కడే వదిలేయండి.

అక్కడ నిజమైన చిక్కు ఇంకోటుంది. నల్లజాతి విద్యార్థులకు ఏటా వచ్చే డిగ్రీల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఆడవాళ్లవే. తమతో సమానంగా చదివిన మగవాళ్లు తమ వాళ్లలోనే కావాలంటే అందరికీ దొరకరు. వేరే జాతి వాళ్లను చేసుకునే హక్కు దేశమంతటా 1967లో సుప్రీంకోర్టు తీర్పుతోనే వచ్చింది. ఆ దారి కూడా ఆడవాళ్లకు సగమే తెరుచుకుంది. 2015లో కొత్తగా పెళ్లయిన నల్లజాతి మగవాళ్లలో నూటికి 24 మంది బయటి జాతి వాళ్లను చేసుకుంటే, ఆడవాళ్లలో 12 మందే. సంస్కృతి పనిచేసేది ఇక్కడే. పెళ్లి కావాలా వద్దా అన్నది చాలామందికి ప్రశ్నే కాదు. ఎవరి వైపు చూడొచ్చు, ఎవరి వైపు చూడకూడదు అన్న గిరి గీసేది సంస్కృతి.

ఈ గిరి సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మన దగ్గర నలభై అయిదేళ్లు దాటినా అసలు పెళ్లి కాని ఆడవాళ్లు నూటికి ఒకరిద్దరికి మించి ఉండరు. కాబట్టి అమెరికా తరహా భయం మనకు అక్కర్లేదు. మనకున్న బాధ చిన్న వయసు పెళ్లి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. దేశం మొత్తం సగటు 23.3. అదే సర్వేలో దేశం మొత్తానికి, బడి మొహం చూడని ఆడవాళ్ల పెళ్లి వయసు మధ్య అంకె సుమారు 17 ఏళ్లు, పన్నెండేళ్లు ఆపైన చదివిన వాళ్లది సుమారు 23. ఆరేళ్ల తేడా. రాష్ట్రం దేశసగటు కన్నా వెనకబడిందంటే, ప్రకాశం లాంటి జిల్లాల బాకీ ఎంతుందో ఊహించుకోవచ్చు. 2011 జనాభా లెక్కల్లో ఇక్కడ ఆడవాళ్ల అక్షరాస్యత 53 శాతం దగ్గరే ఆగింది.

మరి మగపిల్లలకు సంబంధాలు దొరకడం లేదన్న మాట అబద్ధమా? కాదు, నిజమే. దర్శిలో, పొదిలిలో, ఆత్మకూరులో పేరయ్యలను అడిగితే చెబుతారు. కానీ ఆ కొరతకు మూలం ఆడపిల్ల చదువు కాదు, పుట్టుకల లెక్క. మనవాళ్లు వరుడు వధువు కన్నా నాలుగైదేళ్లు పెద్దవాడు కావాలంటారు. అంటే 25 ఏళ్ల కుర్రాడు 20 ఏళ్ల పిల్లను వెతుకుతాడు. పుట్టుకలు ఏటేటా పెరిగే కాలంలో చిన్న వయసు పిల్లలు ఎక్కువగా ఉండేవాళ్లు, కాబట్టి ఆడపిల్లలు మిగిలేవాళ్లు. మన రాష్ట్రంలో 1990ల మొదట్లో ఒక్కో తల్లికి సగటున రెండున్నర మంది పిల్లలుండేవాళ్లు. 2019-21 సర్వే నాటికి అది 1.7. పుట్టుకలు తగ్గే కాలంలో చిన్నవాళ్లు తక్కువైపోతారు. ఈసారి మిగిలేది మగపిల్లలు.

ఒక ఉత్త లెక్క వేసి చూడండి. ఇవి ఏ మండలానికీ చెందిన అంకెలు కావు, పద్ధతి చూపడానికి వేసుకున్నవి. ఒక ఏడాది 1000 మంది మగపిల్లలు, 940 మంది ఆడపిల్లలు పుట్టారనుకుందాం. తర్వాత పుట్టుకలు ఏటా 2 శాతం చొప్పున తగ్గాయి. ఐదేళ్ల తర్వాత ఆ ఏడాది పుట్టిన ఆడపిల్లలు సుమారు 850. ఆ 1000 మంది కుర్రాళ్లు తమ కన్నా ఐదేళ్ల చిన్నదాన్నే చేసుకుంటామంటే 150 మందికి పిల్ల లేదు. వయసు తేడా రెండేళ్లు చాలనుకుంటే ఆడపిల్లలు 903 మంది ఉంటారు. ఒక్క షరతు సడలిస్తే 53 మంది కుర్రాళ్లకు సంబంధం దొరికింది. ఆడపిల్లను డిగ్రీ దాకా చదివిస్తే జరిగేది ఇదే. ఆమె 22, 23 ఏళ్లకు పెళ్లికి వస్తుంది, 25 ఏళ్లవాడిని చేసుకుంటుంది, తేడా తగ్గుతుంది. ఆడపిల్ల చదువు మగపిల్లవాడికి సంబంధాన్ని తెచ్చిపెడుతుంది. మగపిల్లల తల్లులారా, ఇది కొంచెం నిదానంగా ఆలోచించండి.

పై లెక్కలో మిగిలిన 97 మంది మాటేమిటంటే, అందులో చాలా భాగం పుట్టుకలోనే ఉన్న తేడా. ప్రకృతిసిద్ధంగా 1000 మంది మగపిల్లలకు 950 మంది దాకా ఆడపిల్లలు పుడతారు. అంతకు తగ్గితే స్కానింగ్ గదుల్లో ఏదో జరుగుతోందని అర్థం. దానికి 1994 నుంచీ చట్టం ఉంది.

ఇక గిరి సంగతి. ఒకే కులం, అందులో శాఖ కుదరాలి, గోత్రం వేరు కావాలి, జాతకం కలవాలి, పిల్లవాడి చదువు పిల్ల కన్నా ఒక మెట్టు పైన ఉండాలి, అతను హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండాలి. ఒక్కో షరతు దగ్గర సగం మంది రాలిపోతారనుకున్నా, ఈ ఆరు షరతులు దాటేసరికి 1000 మందిలో సుమారు 16 మంది మిగులుతారు. అందులో పిల్ల కన్నా ఒక మెట్టు పైన అనే షరతు చేసే నష్టం ఎక్కువ. ఇంటర్ చదివిన పిల్లకు డిగ్రీవాడు, డిగ్రీకి ఇంజినీరు, ఇంజినీరుకు అమెరికా వీసా ఉన్నవాడు కావాలి. ఒక్కో మెట్టుకూ కట్నం పెరుగుతుంది. పసుపు కుంకుమల కింద అర ఎకరమో ఎకరమో రాయాలి, ఆడబడుచు లాంఛనాలు వేరే. అందుకే "ఇంకా చదివిస్తే అంత పెద్ద సంబంధం ఎక్కడ తెస్తాం" అని తండ్రి చదువు ఆపిస్తాడు. చదువు ఖర్చుకు కాదు ఆ తండ్రి భయపడేది, కట్నానికి. కట్నం 1961 నుంచి నేరం. పుచ్చుకున్న వాళ్లకే కాక ఇచ్చిన వాళ్లకూ శిక్ష ఉందన్న సంగతి ఒప్పందాల దగ్గర కూర్చునే పెద్దమనుషులందరికీ తెలుసు.

మేనరికం కూడా ఇందులో భాగమే. పుట్టినప్పుడే మేనమామకో బావకో అనుకున్న పిల్లను పదిహేనో ఏట "ఇంక ఎందుకు ఆగడం" అంటారు. కట్నం తక్కువవుతుంది, పొలం బయటికి పోదు, పిల్ల కళ్ల ముందుంటుంది. ఈ మూడు లాభాలూ చెప్పేవాళ్లు పుట్టే బిడ్డల ఆరోగ్యం గురించి డాక్టర్లు చేసే హెచ్చరికను మాత్రం లెక్కలో వేయరు.

విల్సన్ కొలతను మన ఊళ్లలో వేసి చూడొచ్చు. పంచాయతీ పెద్దలు, సచివాలయం సిబ్బంది కలిస్తే రెండు మూడు రోజుల పని. ఊళ్లో 20 నుంచి 34 ఏళ్ల మధ్య పెళ్లికాని ఆడవాళ్లు, మగవాళ్లు ఎవరెవరో ఇల్లిల్లూ రాయాలి. మగవాళ్లలో ఏడాదిలో కనీసం పది నెలలు పనిలో ఉన్నవాళ్లకు గుర్తు పెట్టాలి. గుర్తు ఉన్నవాళ్ల సంఖ్యను ఆడవాళ్ల సంఖ్యతో భాగించి వందతో హెచ్చించాలి. లెక్క చిన్నదే, తప్పులు దొర్లే చోట్లు ఎక్కువ. రేషన్ కార్డులో పేరున్న కుర్రాడు హైదరాబాదు కాంక్రీటు పనిలో ఉంటాడు, అతన్ని ఊళ్లో ఉన్నట్టు రాయకూడదు, అట్లాగని వదిలేయకూడదు, వేరే వరసలో రాయాలి. బీటెక్ చదివి ఖాళీగా ఉన్నవాడి ఎదురుగా "వ్యవసాయం" అని రాసేస్తారు. అది పని కింద లెక్కకు రాకూడదు, అతను నిజంగా అరక పట్టినా కౌలు చేసినా తప్ప. పొగాకు బ్యారన్ (ఆకు కాల్చి ఆరబెట్టే కొట్టం) పని, రొయ్యల చెరువు కాపలా, చీమకుర్తి గ్రానైటు క్వారీ పని సీజనుకు ఉంటాయి, సీజనుకు పోతాయి. అందుకే పది నెలల నిబంధన. వయసుకు ఆధార్ నమ్మొద్దు, స్కూలు టీసీ చూడండి. తాగుడు వల్ల పనికి పోనివాళ్లెవరో ఇంట్లో మగవాళ్లను కాకుండా పొదుపు సంఘం ఆడవాళ్లను అడగండి.

ఈ లెక్క వేస్తే, పశ్చిమ ప్రకాశంలో వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఎదురుచూసే ఊళ్లలో ఒక అంకె, పెన్నా కాలువల కింద కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు ఇంకో అంకె వస్తాయన్నది మా నమ్మకం. నీళ్లున్న చోట పెళ్లిళ్లు కుదరడం, లేనిచోట కుదరకపోవడం సంస్కృతి తేడా అవుతుందా? ఇరువైపులా అదే భాష, అవే ఆచారాలు, చాలాచోట్ల అవే ఇంటిపేర్లు.

తాగుడు మాట వచ్చింది కాబట్టి మన జిల్లా గొప్పదనం ఒకటి చెప్పాలి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో వయోజన విద్యా కార్యక్రమం ఉధృతంగా సాగింది. రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు అక్కడే తమ ఇళ్ల సంగతి మాట్లాడుకున్నారు. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. ఊరూరా అది పాకింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఆ నిషేధం తర్వాత ఏమైందో అందరికీ తెలుసు. కానీ ఆడవాళ్లు చదువుకుంటే కాపురాలు కూలతాయనే వాళ్లకు దూబగుంట జవాబు చెప్పింది. చదువుకున్న ఆడవాళ్లు మొగుళ్లను వదిలిపోలేదు, మొగుళ్లను సారా నుంచి ఇంటికి తెచ్చుకోవడానికి రోడ్డెక్కారు.

ఇప్పుడు చేయాల్సిన పని. ఆడపిల్ల చదువు తెగే చోటు ఒకటే, పదో తరగతి పరీక్షలకూ ఇంటర్ చేరికకూ మధ్య వేసవి. హైస్కూలు ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉంటుంది, జూనియర్ కాలేజీ పాతిక కిలోమీటర్లు. పొద్దున బస్సు ఉంటే సాయంత్రం ఉండదు. అమ్మానాన్న మిరపకోతకో భవన నిర్మాణానికో వలసపోతే, ముసలి నాయనమ్మ దగ్గర పదహారేళ్ల పిల్లను వదలడానికి భయపడి పెళ్లి చేసేస్తారు. ఆ భయాన్ని తిట్టి లాభం లేదు, తీర్చాలి. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు చాలాచోట్ల ఇంటర్ దాకా ఉన్నాయి. వలసపోయే కుటుంబాల పిల్లలకు అక్కడ ముందు సీటు ఇవ్వాలి. వేసవి సెలవుల్లోనూ హాస్టలు మూయకుండా కనీసం ఒక వార్డెను, వంటమనిషితో నడపాలి. మూసేసిన ఆ నలభై రోజుల్లోనే పెళ్లిళ్లు అయిపోతున్నాయి.

పేదింటి ఆడపిల్లల పెళ్లికి సర్కారు డబ్బు సాయం చేసేందుకు 2022 అక్టోబరు నుంచి అమలైన కల్యాణమస్తు పథకంలో వధువు, వరుడు ఇద్దరూ పదో తరగతి పాసై ఉండాలన్న షరతు పెట్టారు, 18, 21 ఏళ్ల వయసు షరతుతో పాటు. ప్రభుత్వాలు మారితే పథకాల పేర్లు మారతాయి. ఏ పేరుతో ఇచ్చినా ఆ షరతు ఉండాలి, వీలైతే ఇంటర్‌కు పెంచాలి. ఎందుకంటే ఆ షరతు మగపిల్లవాడి చదువునూ పట్టిస్తుంది.

చిన్నపిల్లకు పెళ్లి చేస్తున్నారని తెలిస్తే పెళ్లిరోజు దాకా ఆగొద్దు. తాంబూలాలప్పుడే పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేయండి, మీ పేరు చెప్పాల్సిన పని లేదు. పిల్ల పేరు, బడి పేరు, ఊరు, పెళ్లి జరిగే చోటు, ముహూర్తం ఈ ఐదూ చెబితే చాలు. చోటు ముఖ్యం. ఊళ్లో చేస్తే తెలుస్తుందని పక్క జిల్లా గుడికో బంధువుల ఊరికో తీసుకుపోతారు. సీడీపీవో (శిశు అభివృద్ధి పథకం అధికారి) గానీ తహసీల్దారు గానీ మొదట అడిగేది వయసు రుజువు. అక్కడే సగం కేసులు తేలిపోతాయి, తల్లిదండ్రులు ఆధార్ చూపించి "పద్దెనిమిది నిండాయి" అంటారు. ఆధార్ పుట్టినతేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. బడి రిజిస్టరు, పదో తరగతి మెమో, పంచాయతీ జనన ధ్రువపత్రం చూడమని పట్టుబట్టండి. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం 13వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు పెళ్లిని ఆపుతూ ఉత్తర్వు ఇవ్వొచ్చు, ఆ ఉత్తర్వు దాటి చేసిన పెళ్లి చెల్లనే చెల్లదు. చేసినవాళ్లకు, చేయించినవాళ్లకు రెండేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఈ సంగతి పురోహితులకు, పాస్టర్లకు, ఖాజీలకు, కల్యాణమండపాల వాళ్లకు, షామియానా వాళ్లకు ముందే తెలిస్తే సగం పెళ్లిళ్లు అక్కడే ఆగుతాయి. పెళ్లి అయిపోయినా దారి ఉంది. పిల్లకు పద్దెనిమిది నిండాక రెండేళ్ల లోపు ఆమె కోర్టుకు వెళ్లి ఆ పెళ్లిని రద్దు చేయించుకోవచ్చు.

ఆపిన పెళ్లి తర్వాత ఏం చేస్తారన్నది ఇంకా పెద్ద ప్రశ్న. పోలీసులు వచ్చి సంతకాలు పెట్టించుకుని పోతారు, ఆ పిల్ల చదువు మళ్లీ మొదలు కాకపోతే నాలుగు నెలలకు అదే పెళ్లి ఇంకో ఊళ్లో జరుగుతుంది. పెళ్లి ఆపిన వారం లోపు ఆ పిల్లను కాలేజీలోనో, ఐటీఐలోనో, కుట్టు శిక్షణలోనో చేర్చి రసీదు సీడీపీవో ఫైల్లో పెట్టేదాకా కేసు మూయకూడదు. చదువు మీద మనసు లేని పిల్లకు పద్దెనిమిది నిండాక తడ వైపు చెప్పుల, ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో పని ఉంది. వేలమంది ఆడపిల్లలు అక్కడ చేస్తున్నారు. జీతం చేతికి వచ్చే పిల్ల పెళ్లి మాటల్లో నోరు విప్పగలదు.

మీ పత్రికకు ఒక విన్నపం. పదో తరగతి ఫలితాల రోజున ర్యాంకర్ల ఫొటోలు వేస్తారు, మంచిదే. ఇంటర్ చేరికలు ముగిశాక ఇంకో పట్టిక కూడా వేయండి. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో మండలానికి ఎందరు ఆడపిల్లలు పదో తరగతి పాసయ్యారు, ఎందరు ఇంటర్, ఐటీఐ, పాలిటెక్నిక్‌లలో చేరారు. మొదటి అంకె జిల్లా విద్యాశాఖ దగ్గర, రెండోది ఇంటర్ బోర్డు, సాంకేతిక విద్యాశాఖ, ఐటీఐల దగ్గర దొరుకుతాయి. తప్పిన పిల్లల లెక్క కూడా విడిగా ఉండాలి, సప్లిమెంటరీ రాయని వాళ్లే ముందు పెళ్లిపీటలెక్కుతారు. పేర్లు వద్దు, అంకెలు చాలు. రెండు అంకెల మధ్య తేడా ఎక్కువున్న మండలాల్లో శ్రావణ ముహూర్తాలు మొదలయ్యే లోపు సీడీపీవోలు ఇల్లిల్లూ తిరగాలని అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

ఇట్లు,
జనాభా అధ్యయనం, మహిళా శిశు సంక్షేమం, జూనియర్ కాలేజీ బోధన రంగాల్లో పనిచేసిన కొందరం,
ఒంగోలు, కందుకూరు, ఉదయగిరి